పక్క బిల్డింగ్ మెషీన్ల హోరు: అపోహలు - వాస్తవాలు

శబ్దాన్ని కొలవడం, తగ్గించే మార్గం చెప్పడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి రాత్రిళ్లు నిద్ర లేదు. కారణం పక్కనున్న సూపర్ మార్కెట్ లేదా ఆసుపత్రి డాబా మీది ఏసీ యూనిట్లు, జనరేటర్లు. వాళ్ల బాధ నిజమే, కానీ కొన్ని అపోహల వల్ల ఫిర్యాదు నిలబడటం లేదు.

అపోహ: వాళ్లకు లైసెన్స్ ఉంది, మనమేం చేయలేం.
లైసెన్స్ ఉన్నా శబ్ద పరిమితి పాటించాల్సిందే. 2000 నాటి కేంద్ర శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలమానం) దాటకూడదు. వాణిజ్య ప్రాంతంలో ఇవి 65, 55. పరిమితిని 10 డెసిబెల్స్ మించితే ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. అందుకే మీ ఇల్లు ఏ జోన్‌లో ఉందో ముందు చూసుకోండి.

అపోహ: ఫోన్ యాప్ రీడింగ్ చాలు.
శబ్దం ఏ టైమ్‌లో వస్తోందో రాసుకోవడానికి యాప్ పనికొస్తుంది, సాక్ష్యంగా నిలవదు. కాలిబ్రేట్ చేసిన, అంటే కొలత సరిగ్గా ఉందని పరీక్షించిన మీటర్‌తో మెషీన్ నడుస్తున్నప్పుడు ఒకసారి, ఆపినప్పుడు ఒకసారి కొలవాలి. రెండింటికీ తేడా 3 డెసిబెల్స్ కూడా లేకపోతే ఆ శబ్దం ఆ మెషీన్‌దేనని చెప్పడం కష్టం.

అపోహ: రీడింగ్ లిమిట్ లోపలే ఉంది కాబట్టి సమస్య లేదు.
నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ మాటే. నిమిషానికి 960 చుట్లు తిరిగే 4 రెక్కల ఏసీ ఫ్యాన్ 64 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 64 కంపనాల లోతైన స్వరంతో గుయ్‌మంటుంది. మామూలుగా వాడే డీబీ-ఏ కొలత లోతైన శబ్దాలను తక్కువగా లెక్కిస్తుంది, ఇక్కడ దాదాపు 26 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. పైగా ఇలాంటి లోతైన శబ్దాన్ని కిటికీ అద్దాలు అంతగా ఆపలేవు. తలుపులన్నీ మూసినా దిండు దగ్గర హోరు వినిపిస్తూనే ఉంటుంది. "అంతా మీ భ్రమ" అంటే తల వంచకండి. లోతైన శబ్దాన్ని అంతగా తగ్గించని డీబీ-సీ రీడింగ్, ఆక్టేవ్ బ్యాండ్ల వారీ (లోతైన స్వరాల నుంచి కీచు స్వరాల దాకా విడివిడిగా) కొలత అడగండి. ఆ అంకెల్లో హోరు స్పష్టంగా బయటపడుతుంది.

అపోహ: సైలెంట్ జనరేటర్‌కు శబ్దం ఉండదు.
సైలెంట్ జనరేటర్ అంటే శబ్దం తగ్గించే పెట్టెలో బిగించినది. 1000 కేవీఏ (జనరేటర్ సామర్థ్యపు కొలత) వరకు ఉన్న డీజిల్ జనరేటర్లకు మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాకా అనుమతి ఉంది. వేడెక్కుతోందని ఆ పెట్టె తలుపు తెరిచి పెడితే అదీ దాటుతుంది.

అపోహ: చెట్లు నాటితే సరిపోతుంది.
నాలుగు చెట్ల వరుసతో వినగలిగేంత తేడా రాదు. సందుల్లేని బరువైన గోడ మెషీన్‌ను కంటికి కనబడకుండా చేస్తే పనిచేస్తుంది, అదీ కింది అంతస్తులకే.

ఫిర్యాదు రాతపూర్వకంగా కలెక్టర్‌కు గానీ పోలీస్ కమిషనర్‌కు గానీ ఇచ్చి, కాపీ కాలుష్య నియంత్రణ మండలికి పంపండి. "చాలా గోలగా ఉంది" అని వదిలేయకుండా ఏ మెషీన్, ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఏ గదిలో వినిపిస్తోందో రాయండి. ఏం కావాలో కూడా అడగండి: మెషీన్ కింద అదురును ఆపే స్ప్రింగ్ మౌంట్లు, రాత్రి 10 తర్వాత ఫ్యాన్ వేగం తగ్గింపు. వేగం 20 శాతం తగ్గితే ఫ్యాన్ శబ్దం దాదాపు 5 డెసిబెల్స్ దిగుతుంది. రాత్రి చల్లదనంలో ఆ మాత్రం గాలి తగ్గినా చాలా ఏసీలకు ఇబ్బంది రాదు.