బయట చేసిన సెమిస్టర్ మన మెమోలోకి ఎక్కుతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

జూన్ వచ్చిందంటే మా స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర ఎవరో ఒకరు ఫైలు పట్టుకుని నిలబడి ఉంటారు. అనంతపురంలో డిగ్రీ పిల్లలకు మ్యాథ్స్ చెప్పడం నా ఉద్యోగం. విదేశాలకు అప్లై చేసేవాళ్ళ కాగితాలు చూడటం నాకెవరూ అప్పగించని పని. ఒకరికి చూసిపెట్టాను, వాళ్ళు ఇంకొకరిని పంపారు, అలా మీద పడింది. ఈ మధ్య అందరూ అడిగేది ఒకటే: "సార్, ఒక్క సెమిస్టర్ బయట చేసొస్తే ఎట్లుంటుంది?" బాగుంటుంది. కానీ దాని చుట్టూ తిరిగే పుకార్లు వినీ వినీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

అపోహ: అక్కడి మార్కుల మెమో తెచ్చిస్తే ఇక్కడ కలిపేస్తారు

కలపరు. వెళ్ళేముందే రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప కలపరు. ఈ ఒక్కటి తెలియక సంవత్సరం పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

మా దగ్గర చదివిన ఒక అబ్బాయి యూరప్‌లో విజిటింగ్ స్టూడెంట్‌గా ఒక టర్మ్ చేశాడు. నాలుగు కోర్సులు, నాలుగింట్లో మంచి గ్రేడ్లు. తిరిగొచ్చి ట్రాన్‌స్క్రిప్ట్ ఇస్తే పరీక్షల విభాగంలో ఒక్క ప్రశ్న అడిగారు: "పోయేముందు తీసుకున్న పర్మిషన్ లెటర్ ఏదీ?" లేదు. "పోయిరా నాయనా, వచ్చినాక చూద్దాంలే" అని పెద్దలెవరో నోటిమాటగా అన్నారంతే. ఇక్కడ అటెండెన్స్ 75 శాతం లేదు కాబట్టి హాల్ టికెట్ రాలేదు. జూనియర్లతో కూర్చుని ఆ సెమిస్టర్ మళ్ళీ చేశాడు. ఆ ఏడు పీజీ ఎంట్రెన్స్ కూడా పోయింది. వాళ్ళ నాన్న నా దగ్గరికొచ్చి అడిగాడు. "మావాడు ఫెయిలైనాడా సార్?" "లేదన్నా, అన్నీ పాసైనాడు." "మరి ఏడాది ఏమిటికి పోయినట్ల?" ఏం చెప్పాలో నాకు తోచలేదు.

మన డిగ్రీ కాలేజీలు చాలావరకు అఫిలియేటెడ్. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, కర్నూలులో రాయలసీమ, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయాల కింద నడుస్తాయి. డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ. కాబట్టి ఫలానా విదేశీ కోర్సు మన ఫలానా పేపరుకు సమానం అని చెప్పాల్సింది కూడా అదే. ప్రిన్సిపాల్ గారి సంతకం ఫార్వర్డ్ చేయడానికి పనికొస్తుంది, అంతవరకే. అటానమస్ కాలేజీ అయితే వాళ్ళ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌ను అడగాలి.

"ఏబీసీ ఐడీ ఉంది కదా సార్" అంటారు కొందరు. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో క్రెడిట్లు, అంటే కోర్సు పూర్తిచేస్తే పడే పాయింట్లు, వేసేది అందులో నమోదైన విద్యాసంస్థలు. మీ చేతికొచ్చిన విదేశీ మెమోను మీరే తీసుకెళ్ళి జమ చేసుకోవడానికి అది పోస్టాఫీసు పాసుబుక్కు కాదు. ఇంకొందరు విదేశీ చదువు మన చదువుకు సమానమని చెప్పే ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ తెస్తామంటారు. అది డిగ్రీలకు, సెమిస్టర్ డిగ్రీ కాదు. 2022లో యూజీసీ తెచ్చిన ట్విన్నింగ్ (కొంత ఇక్కడ, కొంత విదేశీ సంస్థలో చదివే డిగ్రీ) నిబంధనల్లో 30 శాతం వరకు క్రెడిట్లు విదేశీ సంస్థలో చేయొచ్చన్న మాట నిజమే. అయితే రెండు సంస్థల మధ్య ఒప్పందం ఉండాలి, మన సంస్థకు న్యాక్ మదింపులో కనీసం 3.01 స్కోరో, ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల యూనివర్సిటీల జాబితాలో మొదటి 100లో చోటో, ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ హోదానో ఉండాలి. యూరప్ ఇచ్చే ఎరాస్మస్ ప్లస్ టర్మ్ గ్రాంటుకూ ఇదే చిక్కు. రెండు సంస్థల మధ్య ఒప్పందం లేనిదే విద్యార్థి ఒంటరిగా అప్లై చేయలేడు.

లెటర్ అంటే "అనుమతించడమైనది" అన్న ఒక్క ముక్క కాదు. అక్కడి ఏ కోర్సు, ఏ సిలబస్, ఇక్కడి ఏ పేపర్ కోడ్‌కు బదులు అన్నది వరసగా రాసి ఉండాలి. అక్కడి కాంబినేటరిక్స్‌కు (ఎన్ని రకాలుగా అమర్చొచ్చో లెక్కపెట్టే గణితం) మన సిలబస్‌లో జోడీ దొరక్కపోతే ఆ సంగతి ఇక్కడున్నప్పుడే తెలియాలి. గ్రేడు కలుపుతారా, పాస్ అని మాత్రమే వేస్తారా, వచ్చాక తర్వాతి సెమిస్టర్‌లో నేరుగా కూర్చోనిస్తారా, అదీ రాయించుకోవాలి.

క్రెడిట్ల మార్పిడి కూడా. యూరప్‌లో సెమిస్టర్‌కు 30 ఈసీటీఎస్ (అక్కడి క్రెడిట్ల పేరు), ఒక్కోదానికి 25 నుంచి 30 గంటల పని. మన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లో సెమిస్టర్‌కు 20 క్రెడిట్లు, ఒక్కోదానికి 30 గంటలు. అక్కడి 6 ఈసీటీఎస్ కోర్సు గంటల లెక్కన ఇక్కడ కనీసం 5 క్రెడిట్లు కావాలి. సెమిస్టర్‌లో వాటా లెక్కన చూస్తే 4 మాత్రమే. రెండూ సరైన లెక్కలే! మీకు ఏది వేస్తారో ముందే రాయకపోతే, వచ్చాక ఒక క్రెడిట్ తక్కువై డిగ్రీ ఆగుతుంది.

తేదీలు ఇంకో తలనొప్పి. అక్కడి టర్మ్ సాధారణంగా సెప్టెంబరులో మొదలై డిసెంబరుకి అయిపోతుంది. మనకు ఇంచుమించు జూన్, జులైలో మొదలై నవంబరుకి పరీక్షలు. అంటే వాళ్ళ ఒక్క టర్మ్ మన రెండు సెమిస్టర్లను తాకుతుంది. అటెండెన్స్ మినహాయింపు కూడా లెటర్‌లో ఉండాలని పోరేది ఇందుకే. కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టండి. ఫీజు, టికెట్ ఆ తర్వాతి మాట.

అపోహ: 95 శాతం వచ్చినోడికి అక్కడి మ్యాథ్స్ ఒక లెక్క కాదు

కిందటిసారి లెటర్ చేతిలో పెట్టుకుని వెళ్ళిన అమ్మాయి హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో చదివింది. అక్కడ 1985 నుంచి ఇంగ్లిష్‌లో నడుస్తున్న బుడాపెస్ట్ సెమిస్టర్స్ ఇన్ మ్యాథమెటిక్స్ ఉంది. ఎక్కువగా అమెరికా, కెనడా పిల్లలు వస్తారు. అందులో 'కంజెక్చర్ అండ్ ప్రూఫ్' అని పేరున్న కోర్సు ఒకటి. 2021లో గణితంలో పెద్ద గౌరవమైన ఏబెల్ బహుమతి పంచుకున్న లోవాస్ హంగేరీ గణితవేత్తే. మొదటి వారంలోనే ఆ అమ్మాయి ఫోన్ చేసింది: "సార్, హోంవర్క్‌లో ఒక్క ఫార్ములా కూడా లేదు." గొంతులో ఏడుపు ఒకటే తక్కువ.

వాళ్ళ తీరు తెలియాలంటే 1947లో హంగేరీ విద్యార్థుల పోటీలో ఇచ్చిన ఈ లెక్క చూడండి. మన బస్టాండు టీ కొట్టు దగ్గర ఆరుగురు నిలబడ్డారు. వాళ్ళలో ఒకరికొకరు తెలిసిన ముగ్గురో, ఒకరికొకరు బొత్తిగా తెలియని ముగ్గురో తప్పకుండా ఉంటారని నిరూపించాలి. దీన్ని మా క్లాసులో ఇస్తే ముందు వరసలోంచి వచ్చిన మొదటి మాట, "ఏ చాప్టర్ సార్?"

చాప్టరేమీ లేదు. ఒకడిని పట్టుకోండి. మిగతా ఐదుగురిలో అతనికి తెలిసినవాళ్ళు ముగ్గురైనా ఉంటారు, లేదా తెలియనివాళ్ళు ముగ్గురైనా ఉంటారు. తెలిసినవాళ్ళు ముగ్గురనుకుందాం. ఆ ముగ్గురిలో ఏ ఇద్దరికి పరిచయమున్నా, మొదటివాడితో కలిపి పరిచయస్తులు ముగ్గురయ్యారు. ఏ ఇద్దరికీ లేకపోతే ఆ ముగ్గురే ఒకరికొకరు కొత్త. రెండో సందర్భమూ ఇంతే. ఐదుగురైతే మాత్రం కుదరదు. గుండ్రంగా నిలబెట్టి, ఒక్కొక్కరికి పక్కనున్న ఇద్దరే తెలుసు అనుకుని చూడండి.

ఇంపార్టెంట్ క్వశ్చన్లు బట్టీ పట్టి లాగ్రాంజ్ సిద్ధాంతం కామాతో సహా రాసే పిల్లలు ఇక్కడ తడబడతారు. తప్పు వాళ్ళది కాదు, మేం పేపరు అలా ఇస్తున్నాం. భయం వద్దు, ఆ అమ్మాయి నెలన్నరలో కుదురుకుంది. వెళ్ళేముందు వీలైతే మన దేశంలోనే జరిగే ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) వేసవి శిబిరానికి అప్లై చేయండి. 1993 నుంచి నడుస్తోంది. ప్రతి మాటకూ "ఎందుకు?" అని అడగడం అక్కడ అలవాటవుతుంది.

మిగతావి, గబగబా

కన్సల్టెన్సీ లేనిదే సీటు రాదంటారు. ఇలాంటి ప్రోగ్రాములకు నేరుగా ఆన్‌లైన్‌లోనే అప్లై చేస్తారు.

యూరప్ దేశాలకిచ్చే షెంగెన్ షార్ట్ వీసా చాలంటారు. అది 180 రోజుల్లో 90 రోజులకు. 15 వారాల టర్మ్ అంటే 105 రోజులు. తీసివేత మీరే చేసుకోండి.

ఒక టర్మ్ చేస్తే అక్కడే ఉద్యోగం వస్తుందంటారు. టర్మ్ అయ్యాక వెనక్కి వచ్చేయడమే.

ఇంటి పేరు సంగతి ఎవరూ చెప్పరు. టెన్త్ మెమోలో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటి పేరు ఉంటే ట్రాన్‌స్క్రిప్ట్ దగ్గర చిక్కొస్తుంది. అప్లై చేయకముందే సరిచేయించుకోండి.

లెటర్ రాకపోతే ఏం జేయల్ల అని అడుగుతారు. సెమిస్టర్ మధ్యలో మాత్రం వెళ్ళొద్దు. ఫైనల్ పరీక్షలు రాసేశాక వెళితే కలపాల్సిన క్రెడిట్లే ఉండవు. ఆ అమ్మాయి తెచ్చుకున్న లెటర్ నమూనా, పేరు కొట్టేసి, నా దగ్గర పెట్టుకున్నాను. కావాలంటే వచ్చి జిరాక్స్ తీసుకోండి. మధ్యాహ్నం రెండు దాటాక నాకు క్లాసులుండవు.