చిలగడదుంప ఆకు మీద బంగారం

ఆమదాలవలస దగ్గరి ఒక ఊరి స్కూల్లో పాఠాలు చెప్పే టీచరు ఒకావిడ ఫోటో పంపి రెండు ప్రశ్నలు అడిగారు. ఫోటోలో చిలగడదుంప ఆకు, దాని మీద మేలిమి బంగారు రంగులో మెరిసిపోతున్న పురుగు. పిల్లలు దాన్ని పట్టి అగ్గిపెట్టెలో దాచారట. రెండు రోజుల తర్వాత తెరిచి చూస్తే చచ్చిపోయి, మెరుపంతా పోయి, మట్టిరంగులోకి తిరిగిపోయి ఉంది. "బంగారం ఎక్కడికి పోయింది?" అన్నది పిల్లల ప్రశ్న. "ఇలాంటిది దొరికితే పసుపు గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాలని మా అత్తగారు అంటున్నారు, ఏమైనా నిజం ఉందా?" అన్నది ఆవిడ ప్రశ్న.

రెండింటికీ జవాబు ఒకటే. ఆ బంగారం రంగుపొడి కాదు, లోహం అంతకన్నా కాదు. పురుగు ఒంట్లోని తడి వల్ల నిలబడే వెలుగు అది. బీరువాలో పెడితే తడి ఆరిపోతుంది, దాంతోపాటే బంగారమూ పోతుంది.

దీని శాస్త్రీయ నామం ఆస్పిడిమార్ఫా శాంక్టాక్రూసిస్. ఆకు పెంకుపురుగుల కుటుంబంలో తాబేలు పురుగులనే గుంపుకు చెందింది. మన దేశం నుంచి ఆగ్నేయాసియా దాకా కనిపిస్తుంది. చిలగడదుంప, తూటికూర, కాలవ గట్ల నిండా పెరిగే తూటికాడ, కళింగపట్నం, బారువ ఇసుకల్లో పాకే బాలబంది తీగ అన్నీ ఒకే ప్రజాతి మొక్కలు. ఈ పురుగుల తిండి ప్రధానంగా ఆ ప్రజాతిలోనే.

ఒళ్లు సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ. పై రెక్కలు గట్టిపడి మూతలా కప్పి ఉంటాయి. వాటి అంచులు బయటికి వెడల్పుగా సాగి, కింద ఉన్న ఆకు కనిపించేంత పారదర్శకంగా ఉంటాయి. తల పై నుంచి చూస్తే కనబడదు, మెడ మీది పలక దాన్ని కప్పేస్తుంది. చీమ వచ్చిందంటే పురుగు కాళ్లూ మీసాలూ లోపలికి లాక్కుని ఆకుకు అతుక్కుపోతుంది. చీమ దవడకు పట్టు దొరకదు. అమెరికాలోని ఫ్లోరిడాలో తాటి కుటుంబపు మొక్కల మీద బతికే దీని బంధువు ఒకటుంది. దాని ఆరు పాదాల కింద దాదాపు 60,000 సన్నని వెంట్రుకలు, వాటికి నూనె తడి. దాని బరువుకు 60 రెట్ల బరువుతో లాగినా రెండు నిమిషాలపాటు ఆకును వదల్లేదని 2000లో ప్రయోగం చేసి చూపించారు.

ఇక అసలు సంగతికి, బంగారానికి వద్దాం. నన్ను ఏళ్ల తరబడి వదలనిది ఇదే.

పురుగు పై కవచం కైటిన్ అనే గట్టి పదార్థపు పొరలతో తయారైంది. ఒక్కో పొర మందం సుమారు నూరు నానోమీటర్లు (మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు). ఒక పొర ముగిసి ఇంకోటి మొదలయ్యే ప్రతి హద్దు దగ్గరా కొంచెం వెలుగు వెనక్కి తిరుగుతుంది. ఎంత కొంచెమంటే నూటికి ఒక వంతు కూడా ఉండదు. కానీ పొరల మందం సరిగ్గా కుదిరితే అన్ని హద్దుల నుంచి వచ్చే తరంగాలు ఒకే లయలో కలుస్తాయి. అలా కలిస్తే అయిదు హద్దుల వెలుగు అయిదు రెట్లు కాదు, ఇరవై అయిదు రెట్లకు దగ్గరవుతుంది. లయ తప్పితే అయిదు రెట్ల దగ్గరే ఆగిపోతుంది. మెరుపంతా లయలో ఉంది.

ఎంత మందానికి ఏ రంగు వస్తుందో లెక్క కట్టవచ్చు. తరంగదైర్ఘ్యాన్ని, అంటే వెలుగు అల పొడవును, వక్రీభవన గుణకానికి (ఆ పదార్థంలో వెలుగు ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకె) నాలుగు రెట్లతో భాగిస్తే చాలు. కైటిన్ గుణకం సుమారు 1.56. పసుపు వెలుగు 580 నానోమీటర్లు అనుకుంటే పొర మందం 93 నానోమీటర్లు వస్తుంది. ఎరుపు, 650కి 104. ఆకుపచ్చ, 530కి 85. పొరలన్నీ 93 దగ్గరే ఉంటే ఒట్టి పసుపు కనిపిస్తుంది, బంగారం కాదు. బంగారం అంటే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మూడూ దండిగా వచ్చి నీలం మాత్రం తగ్గిపోవాలి. అందుకే ఈ కవచంలో పొరల మందం ఒకేలా ఉండదు, లోపలికి పోయేకొద్దీ మారుతూ ఉంటుంది. ఒక్కో మందం ఒక్కో రంగును తిప్పి పంపుతుంది, అన్నీ కలిసి మన కంటికి బంగారమవుతాయి.

మరి తడికి ఇందులో పనేమిటి? పొందూరు ఖాదీ పంచె తడిస్తే ఏమవుతుందో గుర్తు చేసుకోండి. పొడిగా ఉన్నప్పుడు తెల్లగా ఉంటుంది. నూలు పోగుల గుణకం 1.5 పైన, మధ్యలోని గాలిది 1. ఆ తేడా వల్ల వెలుగు ప్రతి పోగు దగ్గరా చెదిరిపోతుంది, ఆ చెదురే తెలుపు. తడిస్తే గాలి స్థానంలోకి నీరు, అంటే 1.33, వస్తుంది. తేడా సగానికి పైగా తగ్గుతుంది, చెదురు తగ్గుతుంది, పంచెలోంచి ఒంటి రంగు కనబడుతుంది. పురుగు కవచంలోనూ పొరల నిండా సూక్ష్మమైన రంధ్రాలున్నాయి. వాటిలో తడి నిండి ఉన్నంతసేపు పొర నున్నగా, ఏకరీతిగా ఉండి లయ నిలుస్తుంది. ఆరితే రంధ్రాల్లోకి గాలి చేరి వెలుగు చెదురుతుంది, లయ తప్పుతుంది. ఒక్క తేడా ఏమిటంటే, తడిసిన పంచె కింద ఉన్నదాన్ని చూపిస్తుంది, తడిసిన కవచం కింద ఉన్నదాన్ని దాచేస్తుంది. ఎందుకంటే పంచెలో వరసైన పొరలు లేవు, కవచంలో ఉన్నాయి.

ఇది ఊహ కాదు. బెల్జియంలోని నమూర్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త జాన్ పోల్ విన్యరాన్, ఆయన సహచరులు పనామా తాబేలు పురుగు కరిడోటెల్లా ఎగ్రెజియా మీద చేసిన పరిశోధన 2007లో వచ్చింది. ఆ పురుగును కదిలిస్తే రెండు నిమిషాల్లోపే బంగారం పోయి ఎర్రబడుతుంది. రంధ్రాల్లోంచి ద్రవాన్ని వెనక్కి లాక్కుంటుంది, అద్దం చెదిరిపోతుంది, అడుగున ఉన్న ఎర్ర రంగు బయటపడుతుంది. ఊరుకుంటే మళ్లీ బంగారమే. ఒక ప్రాణి తన ఒంటి మీది అద్దాన్ని తడితో వెలిగించి ఆర్పుకోవడం కన్నా అద్భుతం ఏముంటుందో నాకు తెలీదు.

చచ్చి ఆరిన తాబేలు పురుగులను నీళ్లలో నానబెడితే మెరుపు కొంతసేపు తిరిగొస్తుంది. పిల్లల అగ్గిపెట్టెలోని పురుగును ఒక గిన్నెలో వేసి చూడమని టీచరుగారికి రాశాను. మన స్కూళ్లలో జీవశాస్త్రమంటే ఇప్పటికీ ఫార్మలిన్ సీసాలు, గుండుసూది గుచ్చిన కీటకాలు, పరీక్షకు బొద్దింక బొమ్మ. ఈ పురుగు విషయంలో గుండుసూది గుచ్చామంటే పాఠమే పోయింది. పది రూపాయల భూతద్దం పట్టుకుని పిల్లల్ని చేనుగట్టుకు తీసుకెళ్తే చాలు.

అక్కడికెళ్తే పిల్లపురుగునూ చూడండి. చదునైన ఒళ్లు, చుట్టూ కొమ్మలు తిరిగిన ముళ్లు, తోక చివర రెండు పాయల కొంకి. ఒళ్లు పెరిగి విడిచిన చర్మాలను ఒకదాని మీద ఒకటి ఆ కొంకికే గుచ్చుకుంటుంది. వీటిలో చాలా జాతులు తమ రెట్టను కూడా అక్కడే పేర్చి, ఆ గొడుగును వీపు మీదికి వంచుకుని తిరుగుతాయి. చీమ ఏ వైపు నుంచి తాకితే ఆ వైపుకు గొడుగు తిప్పుతాయి. అమెరికా కీటక శాస్త్రవేత్త థామస్ ఐస్నర్, ఆయన సహచరులు 1967లో ఇలాంటి ఒక జాతి మీద పరీక్షించి, ఆ గొడుగు చీమలను నిజంగానే అడ్డుకుంటుందని చూపించారు.

మన వరిరైతులకు బాగా తెలిసిన తాటాకు తెగులు పురుగు, అంటే హిస్పా, వీటికి దగ్గరి చుట్టమే, ఒకే ఉపకుటుంబం. అందుకని దాని మీది కోపం దీని మీద చూపించనక్కర్లేదు. హిస్పా ఆకు పచ్చదనాన్ని గీకేసి తెల్లచారలు మిగుల్చుతుంది, దాని పిల్లపురుగు ఆకు పొరల మధ్యే దూరి తింటుంది. నారు కొసలు తుంచి నాటితే ఆ కొసల్లోని గుడ్లు పోతాయి. తాబేలు పురుగు చేసేది మామూలుగా చిలగడదుంప ఆకులకు చిల్లులు పెట్టడమే. తీగ ఆ మాత్రం నష్టాన్ని తట్టుకుంటుంది, మందు కొట్టాల్సిన పని లేదు. దుంపను పాడుచేసేది వేరే పురుగు, ముక్కుపురుగు. అది నేల పగుళ్లలోంచి దుంపను చేరుతుంది, దాని పిల్లపురుగు దుంపను తొలిచి చేదెక్కిస్తుంది. తీగ మొదట్లోకి మట్టి ఎగదోసి పగుళ్లు పూడ్చండి, దుంప చాలావరకు దక్కుతుంది.