గూటి మీది పిట్ట లేవదు

ఏప్రిల్‌లో పలాస దగ్గర మా చిన్నాన్న జీడితోటలో తుప్పలు కొడుతున్నాం. కూలికొచ్చిన అప్ప ఒక్కసారిగా "ఆగండి, ఆగండి!" అని కేకేసింది. కత్తి పడబోయిన చోటికి జానెడు దూరంలో కౌజు పెట్ట పొదుగుతోంది. ఎండుటాకుల రంగు వీపు, దాని మీద సన్నని అడ్డచారలు, గొంతు చుట్టూ దారమంత నల్లగీత. చుట్టూ అంతమందిమి నిలబడినా కదల్లేదు. కన్ను మాత్రం మెరుస్తోంది.

మొండితనం కాదది. నేల మీద గూడు పెట్టే పిట్టకు కదలకపోవడమే కాపలా. ముంగిసకైనా కాకికైనా కదిలిందే ముందు కనబడుతుంది. అందుకే పెట్ట చివరి క్షణం దాకా గుడ్లను అంటిపెట్టుకునే ఉంటుంది. ఈ ఉపాయం ముంగిస దగ్గర చెల్లుతుంది. కత్తి దగ్గర, నిప్పు దగ్గర చెల్లదు.

కౌజుకు, మన కోడికి, నెమలికి దగ్గరి చుట్టం గ్రౌస్. చలిదేశాల పిట్ట. మన దేశంలో లేదు. ఇరవై రకాల దాకా ఉన్నాయి, చాలావాటికి చలికి కాళ్ల మీద కూడా ఈకలుంటాయి. నిప్పుకూ నేలపిట్టకూ ఉన్న సంబంధం గ్రౌస్ కథలో తెలిసినంత బాగా మరెక్కడా తెలియదు.

స్కాట్లండ్ కొండల మీద ఎర్ర గ్రౌస్ తిండి ముఖ్యంగా హెదర్ అనే పొద లేతచిగుళ్లు. దాక్కోవడానికి మాత్రం ముదురు పొద కావాలి. అందుకని అక్కడివాళ్లు కొండ మొత్తం తగలబెట్టరు. గుడ్ల కాలం ముదరకముందే చిన్న చిన్న చెక్కలుగా, అంటే ఇక్కడో ముక్క అక్కడో ముక్క నేలను, కాలుస్తారు. కాలినచోట చిగురు, పక్కనే చాటు. వేట కోసం చేసే పనే ఇది, ఆగస్టు 12న వేట మొదలవుతుంది. ఆ వేట కోసమే గద్దల్ని దొంగతనంగా చంపడం నాకు మింగుడుపడదు. కానీ చెక్కలుగా కాల్చడంలోని తెలివిని కాదనలేను.

తుపాకీ ఒక్కటే పిట్టల లెక్క తేల్చదని కూడా ఎర్ర గ్రౌసే చెప్పింది. ఉత్తర ఇంగ్లండ్ కొండల మీద అది కొన్నేళ్లకోసారి విపరీతంగా పెరిగి, తర్వాత కుప్పకూలేది. పేగుల్లో చేరే సన్నపురుగు వల్లేమోనని పరిశోధకులు రాత్రిపూట పిట్టల్ని పట్టి నట్టల మందు తాగించారు. మందు పడ్డచోట పతనం బాగా తగ్గిందని 1998లో ప్రకటించారు.

ఇక అమెరికాలోని హీత్ హెన్. అదీ గ్రౌస్ జాతిదే. మార్తాస్ విన్యార్డ్ అనే ఒక్క దీవిలో మిగిలితే 1908లో దానికోసం అభయారణ్యం పెట్టారు. వందకు లోపున్నవి వేలకు చేరువయ్యాయి. 1916 మే నెలలో కార్చిచ్చు వచ్చింది. పెట్టలు గుడ్ల మీద ఉన్నాయి, లేవలేదు. పుంజులే ఎక్కువగా మిగిలాయి. ఆ పైన గద్దలు, పెంపుడు కోళ్ల జాతి నుంచి అంటిన జబ్బు. చివరి పుంజు 1932లో కనబడింది, ఆ తర్వాత లేదు. కొక్కెర తెగులుకు ఊళ్లో కోళ్లన్నీ పోవడం చూసినవాళ్లకు ఆ జబ్బు మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

చలి పోకముందు చెక్కలుగా పెట్టిన నిప్పు గ్రౌస్‌ను మేపింది. మేలో అంటుకున్న నిప్పు హీత్ హెన్ నడుం విరిచింది.

మన దగ్గర కౌజు గుడ్లు ఎక్కువగా ఏప్రిల్ తర్వాతే. సాలూరు, కురుపాం వైపు పోడు కాల్చేదీ ఎండలు ముదిరాకే. కొండ మీది అడవికోడి గుడ్ల కాలమూ అదే. పోడు వద్దని నేననను, అది వాళ్ల తిండి. జీడితోట శుభ్రం చేయొద్దనీ అనను, పిక్కలు ఏరాలంటే నేల కనబడాలి. తుప్పలు మాఘమాసంలోనే కొట్టేసి, గట్ల వెంబడి డొంకలు నాలుగడుగుల వెడల్పున వదిలేస్తే చాలు. అక్కడే చెదలుంటాయి. పొదిగిన పిల్లలు కొద్ది గంటల్లోనే గూడు విడిచి తల్లి వెంట పరుగెడతాయి, తొలి వారాల్లో వాటి పెరుగుదలకు పురుగులే ఆధారం. ఉచ్చులు మాత్రం వద్దు. కౌజు వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఆ రోజు చిన్నాన్న ఆ తుప్పను వదిలేయమన్నాడు. మూడు వారాల తర్వాత వెళ్లి చూశాను. గూట్లో పెంకులు మిగిలాయి. ముంగిస కొరికితే పెంకు నుజ్జునుజ్జుగా ఉంటుంది. ఇవి మొద్దు వైపు గుండ్రంగా, మూత తీసినట్టు విచ్చుకుని ఉన్నాయి. ఏడు లెక్కపెట్టాను.