ఆదా చేసిన బొగ్గు ఎటు పోయింది?

ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో రాగి, తగరం గనులు ఉండేవి గానీ బొగ్గు ఉండేది కాదు. గనుల్లో ఊరే నీటిని తోడకపోతే పని ముందుకు సాగదు. తోడే యంత్రాలకు బొగ్గేమో వేల్స్ నుంచి ఓడల మీద రావాలి. 1770ల చివర్లో జేమ్స్ వాట్, ఆయన భాగస్వామి మాథ్యూ బౌల్టన్ తమ కొత్త ఆవిరి యంత్రాన్ని అక్కడికి తీసుకెళ్లారు. గని యజమానులతో వాళ్లు కుదుర్చుకున్న బేరం కొత్తరకంగా ఉంటుంది. పాత న్యూకోమెన్ యంత్రంతో పోలిస్తే ఎంత బొగ్గు మిగిలిందో లెక్కగట్టి, ఆ మిగులు విలువలో మూడోవంతు తమకు చెల్లించాలన్నారు. పొదుపుకే ధర కట్టిన ఒప్పందం అది.

న్యూకోమెన్ యంత్రం 1712 నాటిది. పిస్టన్ కదిలిన ప్రతిసారీ అదే సిలిండర్‌ని ఆవిరితో వేడిచేసి, వెంటనే చల్లటి నీళ్లతో చల్లార్చాలి. బొగ్గు వేడిలో చాలా భాగం ఆ సిలిండర్‌ని మళ్లీ మళ్లీ కాచడానికే పోయేది. అందుకే అవి ఎక్కువగా బొగ్గు గనుల దగ్గరే ఉండేవి. అమ్ముడుపోని నాసిరకం బొగ్గుతో అక్కడ వాటిని నడిపేవారు. ఆవిరిని చల్లార్చే పనిని వాట్ సిలిండర్ బయట ఉండే వేరే పాత్రకి మార్చాడు. 1769లో దానికి పేటెంట్ వచ్చింది. అదే పనికి సగం కంటే తక్కువ బొగ్గు సరిపోయింది.

అంతమాత్రాన బ్రిటన్‌లో బొగ్గు వాడకం తగ్గలేదు. నీళ్లు తోడే ఖర్చు తగ్గింది కాబట్టి, అంతకుముందు గిట్టుబాటు కాదని వదిలేసిన లోతులకు కూడా గనులు తవ్వారు. 1780లలో వాట్ యంత్రం చక్రాన్ని తిప్పడం నేర్చింది. దాంతో గని దాటి నూలు మిల్లుల్లోకి, పిండి మరల్లోకి వెళ్లింది. బొగ్గు గని పక్కన తప్ప పెద్దగా గిట్టుబాటు కాని యంత్రం, తక్కువ బొగ్గుతో నడుస్తుంది కాబట్టే ఎక్కడైనా పెట్టుకోదగ్గదైంది. యంత్రం సామర్థ్యం పెరిగితే ఇంధనం నిజంగా మిగులుతుందా అన్న చర్చకు మూలం ఇక్కడే ఉంది. సామర్థ్యం పెరగడం అంటే పాత పనిని తక్కువ ఇంధనంతో చేయడం ఒక్కటే అయితే లెక్క తేలిక. కానీ అది అంతకుముందు లేని పనులను కూడా పుట్టిస్తుంది.

దీన్ని మొదట స్పష్టంగా రాసి పెట్టినవాడు ఇంగ్లండ్ ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవాన్స్. 1865లో ఆయన 'ది కోల్ క్వశ్చన్' అనే పుస్తకం తెచ్చేనాటికి ఆయనకు 29 ఏళ్లు. బ్రిటన్ బొగ్గు ఎన్నాళ్లు వస్తుందన్న భయం అప్పటికే ఉంది. మంచి యంత్రాలు వస్తే బొగ్గు మిగులుతుందిలే అని చాలామంది ధైర్యం చెప్పుకునేవారు. ఆ ధైర్యానికి ఆధారం లేదన్నాడు జెవాన్స్. ఇంధనాన్ని పొదుపుగా వాడడమంటే వాడకం తగ్గడమే అనుకోవడం పూర్తిగా పొరపాటని, జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకమని వాదించాడు.

ఆయన చూపిన ఉదాహరణల్లో బలమైనది స్కాట్లండ్ ఇనుము. 1828లో జేమ్స్ నీల్సన్ కొలిమిలోకి చల్లగాలికి బదులు వేడిగాలి ఊదే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. టన్ను ఇనుముకు పట్టే బొగ్గు మూడోవంతు కంటే కిందికి పడిపోయింది. 1830 నుంచి 1863 మధ్యలో స్కాట్లండ్‌లో ఇనుము కోసం కాల్చిన మొత్తం బొగ్గు మాత్రం పది రెట్లయింది. ఇనుము చవకైంది, చవకైన ఇనుముతో రైలు పట్టాలూ ఓడలూ యంత్రాలూ వచ్చాయి, అవన్నీ మళ్లీ బొగ్గునే అడిగాయి.

పుస్తకం పార్లమెంటు దాకా వెళ్లింది. 1866లో బొగ్గు నిల్వలపై రాయల్ కమిషన్ వేశారు. బ్రిటన్ బొగ్గు ఉత్పత్తి 1913 దాకా పెరుగుతూ వచ్చి, ఆ ఏడాది సుమారు 29 కోట్ల టన్నులతో శిఖరానికి చేరింది. జెవాన్స్ చెప్పిందంతా నిజం కాలేదు. బొగ్గు చోటుని చమురు ఈ స్థాయిలో ఆక్రమిస్తుందని ఆయన ఊహించలేదు. సామర్థ్యం గురించి చెప్పిన మాట మాత్రం నిలబడింది.

అది ఎంత దూరం నిలబడుతుందో చూడాలంటే వెలుతురు చరిత్ర చాలు. కొవ్వొత్తి నుంచి గ్యాస్ దీపానికి, అక్కడి నుంచి కిరోసిన్ లాంతరుకు, బల్బుకు వచ్చేసరికి బ్రిటన్‌లో వెలుతురు ఖర్చు 1800తో పోలిస్తే 2000 నాటికి మూడు వేల వంతు కన్నా తక్కువైందని ఆర్థిక చరిత్రకారులు లెక్కకట్టారు. అదే కాలంలో మనిషికి సగటు వెలుతురు వాడకం 6500 రెట్లు పెరిగింది. తర్వాత ఎల్ఈడీలు వచ్చాయి. ఒక్కో దీపానికి పట్టే కరెంటు బాగా తగ్గింది. అయినా 2012 నుంచి 2016 వరకు ఉపగ్రహాలు తీసిన చిత్రాల ప్రకారం, రాత్రివేళ భూమి మీద కృత్రిమ వెలుతురు పడే బయటి ప్రాంతం ఏటా 2.2 శాతం చొప్పున పెరిగింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. చీకటి పడితే చదువు ఆగిపోయే ఇంట్లో దీపం వెలిగితే, ఆ అదనపు వాడకాన్ని నష్టం పద్దులో రాయడం అన్యాయం. ఈ సాంకేతికత ఎందుకు వచ్చిందో ఆ పనే అక్కడ జరిగింది. ఆ దీపాన్నీ, రాత్రంతా ఎవరూ చూడకపోయినా వెలిగే ప్రకటనల బోర్డునీ ఒకే అంకెలో కలిపి రాసే లెక్కతోనే నా పేచీ.

జెవాన్స్ తర్వాత ఈ విషయం దాదాపు వందేళ్లు మరుగున పడింది. చమురు పుష్కలంగా ఉన్నంతకాలం ఎవరికీ అవసరం రాలేదు. 1973 చమురు సంక్షోభం దాన్ని మళ్లీ బయటికి తెచ్చింది. 1975లో అమెరికా కార్ల మైలేజీకి చట్టం చేసింది. 1976లో అమెరికా ఇంధన నిపుణుడు ఏమరీ లోవిన్స్ కొత్త విద్యుత్ కేంద్రాల కంటే పొదుపే మేలైన దారి అని వాదిస్తూ రాసిన వ్యాసం పెద్ద చర్చ లేపింది. 1980లో ఆర్థికవేత్త డేనియల్ ఖజూమ్ అభ్యంతరం చెప్పాడు. పరికరం సామర్థ్యం పెరిగితే దాన్ని వాడే ఖర్చు తగ్గుతుంది, ఖర్చు తగ్గితే వాడకం పెరుగుతుంది, ప్రభుత్వ అంచనాల్లో ఈ సంగతి లేదన్నాడు. బ్రిటన్‌లో లెనార్డ్ బ్రూక్స్ అనే ఆర్థికవేత్త దేశ ఆర్థిక వ్యవస్థ మొత్తానికి అదే మాట అన్నాడు. 1992లో మరో ఆర్థికవేత్త హ్యారీ సాండర్స్ ఇద్దరి పేర్లూ కలిపి ఈ వాదానికి ఖజూమ్-బ్రూక్స్ ప్రతిపాదన అని పేరు పెట్టాడు. లోవిన్స్ ఒప్పుకోలేదు. ఆ ప్రభావం ఉన్నా చాలా చిన్నదన్నాడు.

ఇద్దరికీ సాక్ష్యాలు దొరికాయి. లోవిన్స్ పక్షాన నిలిచే మంచి సాక్షి ఫ్రిజ్. 1970ల మధ్యలో అమెరికాలో సగటు కొత్త ఫ్రిజ్ ఏడాదికి సుమారు 1800 యూనిట్లు తినేది. మొదట కాలిఫోర్నియా, తర్వాత దేశమంతా ప్రమాణాలు బిగించుకుంటూ వచ్చాక 2001 నాటికి అది 500 యూనిట్ల దరికి వచ్చింది. ఫ్రిజ్ సైజు పెరిగింది, ధర తగ్గింది, కరెంటు మాత్రం నిజంగానే మిగిలింది. కరెంటు తక్కువ తింటోందని ఎవరూ వంటింట్లో మూడు ఫ్రిజ్‌లు పెట్టుకోరు. కొందరు పాతదాన్ని పారేయకుండా గ్యారేజీలో ఉంచుకున్న మాట నిజమే గానీ, దానివల్ల లెక్క తలకిందులు కాలేదు.

కారు కథ వేరు. 1980 నుంచి 2006 వరకు అమెరికాలో కొత్త కార్లు, చిన్న ట్రక్కుల సగటు మైలేజీ 15 శాతమే పెరిగింది. బరువు, ఇంజిన్ శక్తి 1980లో ఉన్నట్టే ఉంచి ఉంటే దాదాపు 60 శాతం పెరగగలిగేదని ఒక ఆర్థిక అధ్యయనం తేల్చింది. ఇంజనీర్లు సాధించిన పొదుపులో చాలా భాగం బండి బరువుకి, వేగానికి పోయింది.

2007లో బ్రిటన్ ఇంధన పరిశోధన కేంద్రం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ ముందేసుకుని చూసింది. సంపన్న దేశాల్లో ఇళ్లు వెచ్చబరచడం, సొంత కారు ప్రయాణం లాంటి వాటిలో నేరుగా తిరిగి ఖర్చయ్యేది సాధారణంగా 30 శాతం లోపే అని చెప్పింది. అంటే వంద మిగులుతుందనుకుంటే కనీసం డెబ్బై మిగులుతుంది. మిగిలినదాంట్లో ఇలా తిరిగి ఖర్చయ్యే భాగాన్ని రీబౌండ్ అంటారు. అయితే ఇది మొదటి మెట్టు మాత్రమే. పెట్రోలు బిల్లులో మిగిలిన డబ్బుతో విమానం టికెట్ కొంటే ఆ ఇంధనం ఈ లెక్కలో పడదు. చవకైన శక్తి వల్ల కొత్త పరిశ్రమ పుడితే అదీ పడదు. వాట్ యంత్రం చేసింది ఈ చివరిదే, దాన్ని కొలవడమే అన్నిటికంటే కష్టం.

నీటి విషయంలో కూడా ఇదే జరిగింది. అమెరికాలోని కాన్సాస్‌లో భూగర్భ జలం అడుగంటుతోందని, తక్కువ నీటిని వృథా చేసే స్ప్రింక్లర్లకు ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చింది. తర్వాత పరిశీలిస్తే తోడిన నీరు తగ్గకపోగా పెరిగింది. రైతులు ఎక్కువ నీరు పట్టే పంటలకు మారడం అందుకు ఒక కారణం. ఇందులో ఇంకో మెలిక ఉంది. పాత పద్ధతిలో వృథా అనుకున్న నీటిలో కొంత భూమిలోకి ఇంకి తిరిగి భూగర్భ జలంలోనే కలిసేది. కొత్త పద్ధతిలో అది పంటకే పోతుంది. పొలం దగ్గర పొదుపుగా కనిపించేది భూగర్భంలో లోటుగా తేలుతుంది.

ఇటీవలి రంగం కంప్యూటర్లది. 2010 నుంచి 2018 వరకు ప్రపంచ డేటా సెంటర్లలో జరిగే పని దాదాపు ఆరున్నర రెట్లయితే, విద్యుత్ వాడకం 6 శాతమే పెరిగిందని అంచనా. సామర్థ్యం గెలిచిన అరుదైన కాలం అది. కృత్రిమ మేధ వచ్చాక పరిస్థితి మారింది. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కలో 2024లో డేటా సెంటర్లు వాడిన విద్యుత్ సుమారు 41,500 కోట్ల యూనిట్లు. 2030కి అది రెట్టింపు దాటవచ్చని అంచనా. 2025 జనవరిలో చైనా కంపెనీ డీప్‌సీక్ చవకగా నడిచే మోడల్ తెచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల జెవాన్స్‌ని గుర్తుచేశారు. మేధ చవకైన కొద్దీ వాడకం ఒక్కసారిగా పెరుగుతుందన్నారు. జెవాన్స్ దేశ భవిష్యత్తు మీద బెంగతో రాసిన మాట వ్యాపారానికి శుభవార్తగా మారింది.

ఫ్రిజ్‌కీ వెలుతురుకీ తేడా ఎక్కడుందని ఆలోచిస్తే నాకు తోచేది ఇది: అవసరం తీరిపోయిన చోట పొదుపు మిగులుతుంది, కోరిక ఇంకా తీరని చోట కరిగిపోతుంది. ఏది ఏ రకమో ముందే తెలియదు కాబట్టి, సామర్థ్యం ఒక్కదాన్నే లక్ష్యంగా పెట్టుకోవడం నాకు భయం కలిగిస్తుంది. 2023 డిసెంబర్‌లో దుబాయ్ వాతావరణ సదస్సులో దేశాలు ఒప్పుకున్నది, 2030 నాటికి ఇంధన సామర్థ్యం పెరిగే వేగాన్ని రెట్టింపు చేయాలని. అక్కడ ఇంధనపు మొత్తం వాడకానికి ఏ అంకే పెట్టలేదు. అదే ఏడాది యూరోపియన్ యూనియన్ సవరించిన చట్టంలో మాత్రం ఆ అంకె ఉంది. 2030లో సభ్య దేశాల తుది ఇంధన వినియోగం, అంటే చివరి వాడకందార్లు వాడేది, మొత్తం కలిపి, అంతే శక్తినిచ్చే చమురు లెక్కలో 76 కోట్ల 30 లక్షల టన్నులు దాటకూడదు.