ఈకతో కట్టిన ఈగ

గాలానికి వానపామును గుచ్చి కాలవలో వేసేవాడికి ఒక ధీమా ఉంటుంది. చేపకి చూపిస్తున్నది నిజంగా తిండే. దానికి వాసన ఉంది, అది మెలికలు తిరుగుతోంది. ఇక బెండు మునిగేదాకా గట్టు మీద కూర్చుంటే చాలు. ఫ్లై ఫిషింగ్ చేసేవాడికి ఆ ధీమా లేదు. అతని కొక్కేనికి ఉన్నది కోడి ఈక, కుందేలు వెంట్రుకలు, కాస్త దారం. వీటితో కట్టిన ఈ నకిలీ పురుగునే ఫ్లై అంటారు. అందులో తినడానికి ఏమీ లేదు. చేప దాన్ని పురుగు అనుకుని పొరబడాలి. నోట్లో పెట్టుకున్న మరుక్షణం ఉమ్మేస్తుంది కాబట్టి ఆలోపే దారం లాగాలి.

ఇది నిన్నమొన్నటి సరదా కాదు. క్రీ.శ. 200 ప్రాంతంలో ఏలియన్ అనే రోమన్ రచయిత మాసిడోనియా జనం చేపలు పట్టే తీరు రాశాడు. కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు గడ్డం కింద పెరిగే మైనం రంగు ఈకలు రెండు బిగించేవారట. నది మీద ఎగిరే అసలు పురుగునే పట్టి గుచ్చొచ్చు కదా అన్న అనుమానానికీ ఆయనే జవాబిచ్చాడు. మనిషి చెయ్యి తగిలితే దాని రంగు పోతుంది, రెక్కలు వాడిపోతాయి, చేప ఇక ముట్టదు.

అలాంటి సున్నితమైన పురుగుల్లో పేరుమోసింది మే ఫ్లై. తొలకరి వానకి ఉసుళ్లు లేచే సాయంత్రం గుర్తు తెచ్చుకోండి. గంటసేపు గాలంతా రెక్కలే. బల్లులు, కప్పలు, కాకులు అన్నీ వాటి మీదే పడతాయి. మే ఫ్లై ఉసుళ్ల జాతి కాదు (ఉసుళ్లు రెక్కలొచ్చిన చెదపురుగులు), కానీ చల్లటి నదుల మీద అది లేచినప్పుడు దృశ్యం అచ్చం ఇలాగే ఉంటుంది. అంతకుముందు ఏడాదో రెండేళ్లో అది నది అడుగున రాళ్ల మధ్య పిల్ల పురుగుగా బతుకుతుంది. ఆ దశని నింఫ్ అంటారు. ఒకరోజు పైకి తేలి, చర్మం చీల్చుకుని, మసక రెక్కలతో నీటి మీద నిలబడుతుంది. ఎగిరి చెట్టెక్కి అక్కడ మరోసారి కుబుసం విడుస్తుంది. రెక్కలొచ్చాక కూడా కుబుసం విడిచే పురుగులు లోకంలో ఇవి తప్ప మరేవీ లేవు. అప్పటికి వాటి నోరు పనిచేయదు, తిండి ఉండదు. జతకట్టడం, నీటి మీద గుడ్లు పెట్టడం, రెక్కలు చాచి పడిపోవడం, అంతే. చాలా జాతుల్లో ఈ బతుకు కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజులు. అమెరికాలోని ఒక జాతిలో ఆడ పురుగుకి ఐదు నిమిషాలు కూడా ఉండదు.

ఆ చల్లటి నదుల్లో ఉండే ట్రౌట్ అనే చేప ఆ గంటలో ఆ ఒక్క పురుగునే, అదీ ఆ ఒక్క దశలో ఉన్నదాన్నే ఏరుకుని తింటుంది. పెళ్లి భోజనంలో బూరెల దగ్గరే ఆగిపోయే పిల్లల్లాగా. అందుకే ఫ్లై పెట్టెలో వందల రకాలు కనిపిస్తాయి. ఒకే పురుగుకి అడుగున పాకేటప్పటిది ఒకటి, చర్మం చీల్చుకునేటప్పటిది ఒకటి, నీటి మీద నిలబడేది ఒకటి, చచ్చి తేలేది ఒకటి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఫ్లైని కట్టేవాడు బల్ల మీద బిగించి, పైనుంచీ పక్కనుంచీ చూస్తూ కడతాడు. చేప చూసేది కింది నుంచి. బావిలో ఈత నేర్చుకున్నవాళ్లకి ఈ సంగతి కొంత తెలిసే ఉంటుంది. మునిగి పైకి చూస్తే నీటి పైభాగమంతా కనబడదు. నెత్తిన గుండ్రటి కిటికీలాంటిది ఒకటి వెలుగుతూ ఉంటుంది, దాని చుట్టూ చీకటి. గాలిలోంచి నీటిలోకి వచ్చే కాంతి వంగుతుంది కాబట్టి, గట్టు నుంచి గట్టు దాకా పైనున్న లోకమంతా సుమారు 97 డిగ్రీల శంకువులోకి ఇరుక్కుంటుంది. అడుగు లోతులో ఉన్న చేపకి ఆ కిటికీ అడ్డం కొలత రెండుంబావు అడుగులు. చేప పైకొచ్చేకొద్దీ అదీ చిన్నదవుతుంది. కిటికీ బయట నీటి పైభాగం కింది నుంచి అద్దంలా పనిచేసి నది అడుగునే తిప్పి చూపిస్తుంది.

ఇప్పుడు ప్రవాహంతో పాటు తేలుతూ ఒక పురుగు వస్తోందనుకోండి. అది అద్దం మీద ఉన్నంతసేపు చేపకి పురుగు కనబడదు. దాని కాళ్లు నీటి పొరని నొక్కిన చోట చుక్కలు మాత్రం మెరుస్తాయి. కిటికీ అంచుకి చేరువవుతుంటే ముందుగా పైకి నిలిచిన రెక్కల కొసలు, ఒంటితో సంబంధం లేనట్టు విడిగా తేలతాయి. పురుగు కిటికీలోకి వచ్చాకే రెక్కలూ ఒళ్లూ కలుస్తాయి. అంటే చేప మూడు విడతలుగా తనిఖీ చేస్తోంది. మనం బల్ల మీద మురిసిపోయే కళ్లూ మీసాలూ మూడో విడత దాకా లెక్కలోకే రావు. మొదటి విడతలో పాసవ్వాలంటే కావలసింది నీటి పొరని సరిగ్గా నొక్కే కాళ్లు. పోలికకన్నా ఈ నొక్కుడే ముఖ్యమని నా అభిప్రాయం. ఒప్పుకోని ఫ్లై కట్టేవాళ్లు బోలెడుమంది ఉన్నారు.

గట్టు మీద మనిషి వంగి నడవడానికీ ఈ కిటికీయే కారణం. నీటి మట్టానికి దగ్గరగా ఉన్నవన్నీ దాని అంచున అణిగిపోయి సన్నటి గీతలా మిగులుతాయి. నిటారుగా నిలబడ్డామా, ఆ గీత దాటి దొరికిపోతాం.

ఫ్లైకి కాళ్ల పని చేసేది కోడిపుంజు మెడ ఈక. కొక్కెం చుట్టూ తిప్పితే దాని పోగులు గొడుగు పుల్లల్లా విచ్చుకుంటాయి. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి సూది తేలించిన ప్రయోగం బడిలో చేసే ఉంటారు. ఉక్కు సూది మునగకపోవడానికి నీటి తలతన్యత కారణం. ఇక్కడా అంతే. పదుల కొద్దీ పోగుల కొసలు బరువుని పంచుకుని నీటి పొర మీద నిలబడతాయి. పోగు బిరుసుగా ఉండాలి, నీరు పీల్చకూడదు. ఆడకోడి మెడ ఈక మెత్తన, నీరు పీల్చి మునుగుతుంది కాబట్టి మునిగే ఫ్లైలకి వాడతారు. బాతు తోక మొదట్లో నూనె గ్రంథి చుట్టూ ఉండే నూగు ఈకలైతే సన్నటి పోగుల మధ్య గాలి బుడగలు పట్టుకుని తేలతాయి.

పుంజు ఈక రంగుల దగ్గర ఈ ఫ్లై కట్టేవాళ్లు చూపించే చాదస్తం మనకి కొత్తగా అనిపించదు. డేగ, కాకి, సేతువ అంటూ పుంజుకి ఈక రంగును బట్టి పేరు పెట్టి, ఏ రోజు ఏది గెలుస్తుందో కుక్కుట శాస్త్రం తిరగేసే జాతి మనది. వాళ్లూ బూడిద రంగుకి, చారలకి, అల్లం రంగుకి తలా ఒక పేరు పెట్టుకున్నారు. మనవాళ్లు పుంజుని బరిలో దింపుతారు, వాళ్లు దాని మెడ తోలుని ఈకలతో సహా గోడకి తగిలించుకుంటారు. అమెరికాలో ఈకల కోసమే తరతరాలుగా కోళ్లని ఎంపిక చేసి పెంచే ఫారాలున్నాయి. అవి రాకముందు అక్కడి బల్లల మీద చవగ్గా దొరికిన మెడ ఈకల్లో చాలావరకు భారతదేశం నుంచి వెళ్లినవే.

మన దగ్గరి నుంచి వెళ్లిన ఇంకో ఈక ఉంది. బూడిద రంగు అడవికోడి దక్షిణ భారత అడవుల పక్షి, మన నల్లమలలోనూ ఉంది. దాని పుంజు మెడ ఈకల కొసన లక్క పూసినట్టు మెరిసే చుక్క ఉంటుంది. విక్టోరియా రాణి కాలంలో సాల్మన్ అనే చేప కోసం కట్టిన ఫ్లైలకి కళ్లు ఆ చుక్కే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు దాన్ని పట్టడం, అమ్మడం నేరం. ఊళ్లో తిరిగే కోడి ప్రధానంగా ఎర్ర అడవికోడి సంతతే అయినా, దాని చర్మానికి పసుపు రంగునిచ్చే జన్యువు ఈ బూడిద కోడి నుంచి వచ్చిందని 2008లో తేల్చారు.

ఈకల పిచ్చి ముదిరితే ఏమవుతుందో కూడా చెప్పాలి. 2009 జూన్‌లో ఒక ఫ్లూటు విద్యార్థి లండన్ దగ్గర ట్రింగ్‌లోని మ్యూజియంలో దూరి 299 పక్షుల చర్మాలు ఎత్తుకెళ్లాడు. పాతకాలపు సాల్మన్ ఫ్లైలు కట్టేవాళ్లకి అమ్మడానికి. వాటిలో పాతకాలపు ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ సేకరించినవీ ఉన్నాయి. కొన్నిటికి లేబుళ్లు పీకేశాడు. ఎక్కడ, ఎప్పుడు పట్టారో తెలియని పక్షి శాస్త్రానికి దాదాపు పనికిరాదు. ఆ రంగురంగుల ఫ్లైలని చాలామంది నీటిలో వెయ్యనే వెయ్యరు, అద్దాల చట్రంలో పెట్టుకుంటారు. వేసినా సాల్మన్‌కి అవి ఏ దేశపు ఈకలో తెలియదు.

ఇక విసరడం. గాలానికి సీసపు గుండు కడితే ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై బరువు గ్రాములో చిన్న ముక్క, విసిరినా ముందుకి పోదు. అందుకని బరువుని దారంలోనే పెట్టారు. ఈ బరువైన దారాన్నే లైను అంటారు. ఎక్కువమంది వాడే 5వ నంబరు లైనుకి మొదటి 30 అడుగుల బరువు 140 గ్రెయిన్లు, అంటే 9 గ్రాములు. గ్రెయిన్ అంటే గింజే, మన కంసాలి గురిగింజ లాంటి తూకం. కర్రని వెనక్కీ ముందుకీ ఊపి చటుక్కున ఆపితే లైను మెలికపడి, ఆ మెలిక ముందుకి విప్పుకుంటూ పోతుంది. కదిలే భాగం తగ్గేకొద్దీ ఉన్న శక్తంతా కొసకి చేరుతుంది. బోనాల్లో పోతరాజు కొరడా ఛెళ్లుమనడానికీ ఇదే సూత్రం. ఇక్కడ మాత్రం ఛెళ్లుమంటే కొంప మునిగినట్టే. ఆ శబ్దంతో పాటే ఫ్లై తెగి ఎటో పోతుంది. అందుకే కొసన దారం సన్నబడుతూ పోయేలా చేస్తారు, ఫ్లై నీటి మీద ఆకులా వాలాలి.

ఈ ఊపులో బలం కన్నా లయ ఎక్కువ. 1996లో అమెరికాలోని వెర్మాంట్‌లో మొదలైన ‘కాస్టింగ్ ఫర్ రికవరీ’ అనే సంస్థ రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లని నది ఒడ్డున పోగుచేసి ఇదే నేర్పుతుంది. ఆపరేషన్ తర్వాత భుజానికి డాక్టర్లు చెప్పే వ్యాయామాలూ ఈ కదలికలూ దాదాపు ఒకటే. చుట్టూ ఉన్నవాళ్లంతా అదే జబ్బు చూసినవాళ్లు కాబట్టి మాటలు కూడా తేలిగ్గా సాగుతాయి.

చేపలు పట్టేవాళ్లు మామూలుగా కలిసేది చలికాలంలో, నదులు మూతపడ్డప్పుడు. పొడవాటి బల్లకి పట్టకర్రలు బిగించుకుని కట్టుకుంటూ కబుర్లాడతారు. ఒక ముచ్చటైన ఆనవాయితీ ఉంది. పన్నెండు మంది తలా ఒక రకం ఎంచుకుని, ఒకేలాంటివి పన్నెండు కట్టి ఒకరికి పంపుతారు. ఆయన పంచి తిరిగి పంపితే ప్రతివాడికీ పన్నెండు రకాలు చేరతాయి, ఏ ఈక వాడారో రాసిన చీటీతో సహా. సంక్రాంతికి ఇరుగుపొరుగు ఇళ్ల నుంచి వచ్చే అరిసెల్లాగే, ఎవరి పనితనం ఎలాంటిదో అందరికీ తెలిసిపోతుంది.

పోట్లాటలూ ఉంటాయి. ఇంగ్లండులో టెస్ట్ నది దగ్గర ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ అనే పెద్దమనిషి, ఫ్లై నీటి మీద తేలాలి, పైకొచ్చి తింటున్న చేపకే వెయ్యాలి అని దాదాపు శాసనం చేశాడు. పక్కనున్న ఇచెన్ నది మీద స్క్యూస్ అనే లాయరు, పట్టిన చేప పొట్టలోంచి సన్నటి చెంచాతో తిన్నదాన్ని తీసి తెల్ల సాసరులో పరిచి చూశాడు. అందులో నింఫులున్నాయి. అయితే మునిగే ఫ్లై ఎందుకు వెయ్యకూడదన్నాడు. 1938లో, హాల్ఫర్డ్ పోయిన 24 ఏళ్లకి, లండన్‌లోని ఫ్లైఫిషర్స్ క్లబ్బులో దీని మీద చర్చ పెట్టారు. ఎనభైకి దగ్గరపడ్డ స్క్యూస్ వచ్చి తన వాదన వినిపించాడు. హాల్ఫర్డ్ శిష్యులు మెత్తబడలేదు. ఆ నదుల మీద చాలాచోట్ల ఇప్పటికీ జూలై 1 దాకా తేలే ఫ్లై తప్ప మరేదీ వెయ్యనివ్వరు.