మొదటి డెస్క్‌టాప్ అసెంబుల్ చేస్తున్నారా? పార్టుల పొత్తు గురించి అపోహలు - వాస్తవాలు

మొదటిసారి సొంతంగా డెస్క్‌టాప్ అసెంబుల్ చేసుకుని, ఆన్ కావడం లేదని నా దగ్గరకు తెచ్చేవాళ్లలో చాలామంది సిస్టమ్‌లో చెడిపోయిన పార్టంటూ ఏదీ ఉండదు. ప్రాసెసర్ మంచిదే, బోర్డు మంచిదే, ర్యామ్ మంచిదే. ఒకదానికొకటి పడదు, అంతే. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఒక షాపులో బోర్డు, ఇంకో షాపులో ప్రాసెసర్, ఆన్‌లైన్‌లో ఆఫర్ వచ్చిందని ర్యామ్, ఇలా ఏది ఎక్కడ చవకైతే అక్కడ కొన్నప్పుడు ఈ తంటా మరీ ఎక్కువ. ప్యాకింగ్ విప్పాక చాలా షాపులు వెనక్కి తీసుకోవు. అందుకే డబ్బు కట్టకముందే ఈ విషయాలు తెలియాలి.

పార్టులు ఒకదానితో ఒకటి కలవడంలో మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఆ చోట్లో అది పడుతుందా? దానికి కావలసిన కరెంటు అందుతుందా? బోర్డులోని బయోస్, అంటే ఆన్ చేయగానే పార్టులన్నిటినీ లేపే ప్రోగ్రామ్, దాన్ని గుర్తుపడుతుందా? మొదటిదానికి జవాబు కంటికి కనిపిస్తుంది కాబట్టి మిగతా రెండూ తేలిపోయాయని అనుకుంటాం. నేను రోజూ వినే అపోహలు చాలావరకు అక్కడే పుడతాయి.

అపోహ: సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) ఒకటే అయితే ఏ ప్రాసెసర్ అయినా పనిచేస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోగొట్టే అపోహ ఇదే. ఇంటెల్ ఎల్‌జీఏ 1151 సాకెట్‌నే చూడండి. 2015లో 6వ తరం ప్రాసెసర్లతో ఆ సాకెట్ వచ్చింది. 7వ తరం కూడా అందులోనే పనిచేసింది. 2017 చివర్లో వచ్చిన 8వ తరానికి కూడా పేరు ఎల్‌జీఏ 1151యే, పిన్నుల సంఖ్య కూడా అంతే. కానీ కరెంటు అందించే పిన్నుల అమరిక మార్చేశారు. దానికి 300 సిరీస్ చిప్‌సెట్ (బోర్డు మీది ప్రధాన చిప్) ఉన్న బోర్డు కావాల్సిందే. 8వ తరం ఐ5-8400ను, అంతకుముందు తరాల కోసం వచ్చిన హెచ్110 బోర్డులో పెడితే చక్కగా కూర్చుంటుంది, లివర్ కూడా పడుతుంది, సిస్టమ్ మాత్రం లేవదు. సెకండ్ హ్యాండ్‌లో హెచ్110 బోర్డులు, 8వ తరం ప్రాసెసర్లు రెండూ తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి ఈ జత ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది.

కొత్త పార్టుల్లో సమస్య బయోస్‌తో వస్తుంది. ఏఎండీ ఏఎమ్4 సాకెట్ బోర్డులు 2017 నాటి మొదటి రైజెన్‌ల నుంచి 5000 సిరీస్ దాకా నడిచాయి. అయితే 2018లో వచ్చిన బీ450 బోర్డుకు, దాని తర్వాత రెండేళ్లకు పుట్టిన 5000 సిరీస్ ప్రాసెసర్ ఏమిటో పాత బయోస్‌తో తెలియదు. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్‌లోనూ అంతే: 12వ తరం కోసం వచ్చిన హెచ్610, బీ660 బోర్డుల్లో 13, 14 తరాలు నడవాలంటే బయోస్ అప్‌డేట్ కావాలి. ఏఎండీ తర్వాతి సాకెట్ ఏఎమ్5లో బీ650 బోర్డు పాత స్టాకుదైతే, 2024లో వచ్చిన రైజెన్ 9000కు కూడా ఇదే కథ.

చూడాల్సిన చోటు ఒక్కటే. బోర్డు తయారుచేసిన కంపెనీ సైట్‌లో ఆ మోడల్ పేజీకి వెళ్లి సీపీయూ సపోర్ట్ లిస్ట్ తెరవండి. మీ ప్రాసెసర్ ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంటుంది. మోడల్ పేరు చివరి అక్షరం దాకా, రివిజన్ నంబర్‌తో సహా సరిచూసుకోండి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే బోర్డు.

బోర్డు వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే ప్రాసెసర్ లేకుండానే అప్‌డేట్ చేయొచ్చు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, బయోస్ ఫైల్‌కు మాన్యువల్‌లో చెప్పిన పేరు పెట్టి, గుర్తు వేసి ఉన్న యూఎస్‌బీ పోర్టులోనే గుచ్చాలి. 24 పిన్నుల కేబుల్‌తోపాటు సీపీయూ పవర్ కేబుల్ కూడా పెట్టి బటన్ నొక్కిపట్టాలి. ఆ కాసేపూ కరెంటు పోకూడదు, కాబట్టి యూపీఎస్ మీద చేయండి. ఆ బటన్ లేని బోర్డు అయితే, బిల్లు కట్టేముందే అప్‌డేట్ చేసి ఇమ్మని షాపువాళ్లను అడగండి. అడగడానికి మొహమాటపడకండి, వాళ్లకిది మామూలు పనే.

అపోహ: ఇంటెల్ ప్రాసెసర్‌కు ఏఎండీ గ్రాఫిక్స్ కార్డు పడదు.

పడుతుంది. ఏఎండీ ప్రాసెసర్‌కు ఎన్‌విడియా కార్డు కూడా పడుతుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు అందరికీ ఉమ్మడి ప్రమాణం. ఆ ప్రమాణంలో 4.0 తరం కార్డు పాత 3.0 స్లాటులోనూ పనిచేస్తుంది. తేడా చూపించేది లేన్ల (డేటా వెళ్లే దారుల) సంఖ్య. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి కార్డు నాలుగు లేన్లే వాడుతుంది కాబట్టి పాత 3.0 బోర్డులో పెడితే వేగం కొట్టొచ్చినట్టు తగ్గుతుంది. పాత సిస్టమ్‌కు కొత్త కార్డు కొనేవాళ్లు దీన్ని తప్పకుండా చూసుకోవాలి.

అపోహ: ర్యామ్ ఏదైనా ఒకటే, జీబీలు చూసుకుంటే చాలు.

డీడీఆర్4కూ డీడీఆర్5కూ పిన్నులు 288యే. మధ్యలో గాటు మాత్రం వేరే చోట ఉంటుంది. దిగడం లేదని బలంగా నొక్కితే స్లాటు విరుగుతుంది. ఏఎమ్4లో డీడీఆర్4, ఏఎమ్5లో డీడీఆర్5 మాత్రమే. ఎల్‌జీఏ 1700లో రెండు రకాల బోర్డులూ ఉన్నాయి, దాదాపు ప్రతి బోర్డూ ఒక్క రకాన్నే తీసుకుంటుంది. అక్కడే జనం తికమకపడతారు.

వేగం విషయం కూడా చెప్పాలి. ప్యాకెట్ మీద 6000 అని ఉన్న డీడీఆర్5 పెట్టగానే 6000లో నడవదు. బయోస్‌లో ర్యామ్‌ను ప్యాకెట్ మీది వేగంతో నడిపే సెట్టింగ్, అంటే ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేయాలి. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు స్టిక్కులైతే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. ఇప్పుడు రెండు స్టిక్కులు, తర్వాత ఇంకో రెండు అనే ప్లాన్ డీడీఆర్5లో మంచిది కాదు. రైజెన్ 7000కు ఏఎండీ అధికారికంగా చెప్పిన వేగం రెండు స్టిక్కులకు 5200, నాలుగు స్టిక్కులకు 3600 మాత్రమే. అవసరమైనంత మెమరీ మొదటే రెండు స్టిక్కుల కిట్‌గా తీసుకోండి.

అపోహ: ఎక్కువ వాట్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) పెడితే కరెంటు బిల్లు పెరుగుతుంది.

650 వాట్లు అంటే అంతవరకు ఇవ్వగలదని అర్థం. సిస్టమ్‌కు ఎంత కావాలో అంతే లాగుతుంది. ఈ భయంతో క్యాబినెట్‌తో పాటు వచ్చే పేరులేని ఎస్ఎంపీఎస్‌తో సరిపెట్టుకోవడం చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే మిగతా పార్టులన్నిటి ప్రాణం దాని చేతిలోనే ఉంది. గ్రాఫిక్స్ కార్డుకు స్లాటు నుంచి అందేది 75 వాట్లు, ఒక్కో 8 పిన్నుల కేబుల్ నుంచి 150 వాట్లు. మీ కార్డుకు ఏ కేబుళ్లు కావాలో, అవి ఎస్ఎంపీఎస్‌లో ఉన్నాయో లేదో ముందే లెక్క చూసుకోవాలి. సీపీయూకు వెళ్లే 4+4, కార్డుకు వెళ్లే 6+2 చూడటానికి ఒకేలా ఉంటాయి కానీ ఒకటి కావు. కేబుల్ మీద రాసింది చదివి పెట్టండి. పెద్ద కార్డులకు వచ్చే 16 పిన్నుల కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగకపోతే వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడివచ్చే) ఎస్ఎంపీఎస్ మార్చినప్పుడు పాత కేబుళ్లు ఉంచేసి కొత్తదానికి తగిలించొద్దు. పార్టు వైపు కనెక్టర్‌కు ప్రమాణం ఉంది, ఎస్ఎంపీఎస్ వైపు లేదు. కంపెనీ కంపెనీకి, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్ మోడల్‌కు పిన్నుల వరుస మారుతుంది. చక్కగా దిగిన కేబులే 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వోల్టులు పంపగలదు. అలా హార్డ్ డిస్క్ కాలిపోతే పోయేది డిస్క్ ఒక్కటే కాదు, అందులోని ఇంటిల్లిపాది ఫొటోలు కూడా.

యూపీఎస్‌ను ఎవరూ ఈ లెక్కలో చేర్చరు, చేర్చాలి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది దాదాపు 360 వాట్లే. గేమ్ ఆడుతుండగా కరెంటు పోయినప్పుడు సిస్టమ్ కూడా ఆగిపోతోందంటే ముందు ఈ లెక్క చూడండి. చవక యూపీఎస్‌లు స్వచ్ఛమైన సైన్ వేవ్ ఇవ్వవు. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సమంగా లాగే సర్క్యూట్) ఉన్న కొన్ని ఎస్ఎంపీఎస్‌లు దాన్ని తట్టుకోలేక ఆగిపోతాయి.

అపోహ: క్యాబినెట్ మీద ఏటీఎక్స్ అని ఉంటే అన్నీ పడతాయి.

ఆ మాట బోర్డు కొలత గురించి మాత్రమే, అంటే 305 x 244 మిల్లీమీటర్లు. గ్రాఫిక్స్ కార్డు పొడవుకు, ప్రాసెసర్ కూలర్ ఎత్తుకు వేరే హద్దులున్నాయి, అవి క్యాబినెట్ స్పెసిఫికేషన్లలో ఉంటాయి. పెద్ద టవర్ కూలర్లు 155 నుంచి 165 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి, సన్నటి క్యాబినెట్లో పక్క డోర్ మూసుకోదు. ముందువైపు లిక్విడ్ కూలర్ రేడియేటర్ బిగిస్తే కార్డుకు మిగిలే చోటు తగ్గుతుంది. పాత కూలర్ వాడాలనుకుంటే దాని బిగింపు కూడా చూడండి: ఎల్‌జీఏ 1200లో రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, ఎల్‌జీఏ 1700లో 78. బోర్డు కింద అవసరం లేని చోట స్టాండాఫ్ (బోర్డును ఎత్తి పట్టే చిన్న లోహపు స్క్రూ) మిగిలిపోతే షార్ట్ అవుతుంది, దాన్ని తీసేయాలి.

అపోహ: ఎం.2 స్లాటు ఉంటే ఏ ఎం.2 ఎస్ఎస్‌డీ అయినా చాలు.

ఎం.2 అన్నది ఆకారం పేరు మాత్రమే, అందులో పాత సాటా రకం వేరు, వేగమైన ఎన్‌వీఎంఈ రకం వేరు. ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకునే స్లాటులో సాటా ఎం.2 పెడితే కనిపించదు. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 నింపితే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. మాన్యువల్‌లో అర పేజీ చదివితే తెలిసిపోతుంది.

అపోహ: డిస్‌ప్లే రాలేదంటే బోర్డు పోయినట్టే.

తొందరపడకండి. ఏఎమ్5 బోర్డులో కొత్త డీడీఆర్5 పెట్టి మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు మెమరీని పరీక్షించుకుంటుంది. ఆ సమయంలో కొన్ని నిమిషాలపాటు స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు. టెన్షన్ పడి మధ్యలో స్విచ్ ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఆ తర్వాత మానిటర్ కేబుల్ చూడండి. ఐ5-12400ఎఫ్, రైజెన్ 5 7500ఎఫ్ లాంటి చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు. ఎఫ్ లేని రైజెన్ 5 5600లో కూడా లేదు. కేబుల్ బోర్డుకు పెడితే ఎంతసేపు చూసినా ఏమీ రాదు, కార్డుకే పెట్టాలి. సీపీయూ పవర్ కేబుల్ పెట్టడం మరిచిపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు. బోర్డు మీద సీపీయూ, డ్రామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని చిన్న లైట్లుంటే ఏది వెలిగి ఆగిపోయిందో చూడండి, వెతకాల్సిన చోటు అదే చెబుతుంది.

అప్పటికీ రాకపోతే బోర్డును క్యాబినెట్ నుంచి తీసి దాని అట్టపెట్టె మీద పెట్టండి. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ స్టిక్కు, ఎస్ఎంపీఎస్ మాత్రమే ఉంచి, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే కార్డు కూడా చేర్చి ఆన్ చేయండి. డిస్‌ప్లే వస్తే ఒక్కో పార్టు కలుపుతూ పోండి, ఆగిన చోట తప్పు దొరుకుతుంది. రాకపోతే ప్రాసెసర్ తీసి, సాకెట్‌లో (ఏఎమ్4లో అయితే ప్రాసెసర్ కింద) పిన్నులు వంగాయేమో టార్చి వేసి పక్క నుంచి చూడండి. వంగిన పిన్ను కనిపిస్తే సూదితో సరిచేయబోకండి. ఫొటో తీసి, పిన్నులున్న సాకెట్ అయితే దాని మీద ప్లాస్టిక్ మూత పెట్టి, బిల్లుతో షాపుకు తీసుకెళ్లండి. ఆ మూత లేకపోతే చాలాచోట్ల బోర్డును వారంటీకి తీసుకోరు, అందుకే దాన్ని మొదటి రోజు నుంచీ దాచిపెట్టండి.