ఏ నదీ లోపలికి రాని జిల్లా

2012 పార్లమెంటు ఎన్నికల్లో దక్షిణ ఫ్రాన్స్‌లోని లోజేర్ ఓటర్లు ఒక్క ఎంపీనే ఎన్నుకున్నారు. అంతకుముందు ఇద్దరుండేవారు. ఎంత చిన్నదైనా ప్రతి దెపార్తమాన్‌కూ, అంటే మన లెక్కలో జిల్లాకు, కనీసం ఇద్దరు ఎంపీలుండాలన్నది అక్కడి పాత ఆనవాయితీ. ప్రతినిధుల సంఖ్య జనాభాను బట్టే ఉండాలంటూ 2009 జనవరిలో రాజ్యాంగ మండలి దాన్ని కొట్టేసింది. ప్రధాన భూభాగంలో దెబ్బ తగిలింది రెండు జిల్లాలకే: లోజేర్‌కు, క్రూజ్‌కు.

లోజేర్ విస్తీర్ణం 5,167 చదరపు కిలోమీటర్లు. జనం 76 వేల పైచిలుకు. మన దగ్గర ఒక మండలంలో ఉండేంత మంది! ప్రధాన భూభాగంలో ఇంత తక్కువ జనం ఉన్న జిల్లా మరొకటి లేదు. అయినా అది జిల్లా ఎలా అయిందంటే, 1790లో విప్లవ సభ దేశాన్ని 83 జిల్లాలుగా కోసినప్పుడు తలలు లెక్కపెట్టడం కంటే దూరం కొలవడం మీదే ఎక్కువ దృష్టి పెట్టింది. ఏ మూల నుంచైనా గుర్రం మీద ఒక రోజులో జిల్లా కేంద్రం చేరాలన్నది అప్పటి లెక్కని చెబుతారు. పాత జెవోదాన్ సీమలో చాలావరకు ఈ జిల్లాలోకి వచ్చింది. సోగ్ ప్రాంతం మాత్రం పక్క జిల్లాకు పోయింది. 1764 నుంచి 1767 దాకా మనుషుల్ని చంపి తిన్న మృగం వల్ల ఐరోపా అంతా మారుమోగిన జెవోదాన్ పేరు కూడా పటం నుంచి పోయింది. పాత సీమల గుర్తులు మిగలకూడదని 1,699 మీటర్ల లోజేర్ కొండ పేరు పెట్టారు.

ఈ జిల్లాలోకి బయటి నుంచి ఏ నదీ రాదు. టార్న్, లోత్ ఇక్కడే పుట్టి బయటికి పోతాయి. ఇక్కడి ఇంటి గోడ చూస్తే ఏ మూలన ఉన్నామో తెలిసిపోతుంది. మార్జెరీద్‌లో గ్రానైట్, ఓబ్రాక్‌లో నల్లటి బసాల్ట్, కోస్ పీఠభూముల మీద సున్నపురాయి, సెవేన్ కొండల్లో పలకరాయి. కోస్ మీద మేసే గొర్రెల పాలు రోక్‌ఫోర్ చీజ్‌కు వెళ్తాయి.

జిల్లాకు రెండు డివిజన్లు, మాంద్, ఫ్లోరక్. ఉత్తరాన ఉన్నవాళ్లు కేథలిక్కులు, దక్షిణాన సెవేన్‌లో ప్రొటెస్టంట్లు. 1685లో రాజు ప్రొటెస్టంట్ల ఆరాధనను నిషేధించాడు. 1702 జులైలో పోం ద మోంవేర్‌లో ద్యు షైలా అనే మతాధికారిని చంపడంతో కామిసార్లు అనే సెవేన్ ప్రొటెస్టంట్ల తిరుగుబాటు మొదలైంది. మరుసటి ఏడాది సైన్యం నాలుగు వందలకు పైగా ఊళ్లు, పల్లెలు తగలబెట్టింది. కేథలిక్కుల శ్మశానంలో చోటు దొరకని కుటుంబాలు తమ చనిపోయినవాళ్లను సొంత పొలంలోనే పాతిపెట్టుకునేవి. మెట్ల చేను చివర ఒక సైప్రస్ చెట్టు, దాని కింద నాలుగు రాళ్లు. అలా పూడ్చుకోవడం నేటికీ ఉంది. కాకపోతే ఇప్పుడు భూగర్భ జలాల నిపుణుడు చూడాలి, మాంద్‌లోని ప్రిఫెక్ట్ అనుమతి ఇవ్వాలి. ప్రిఫెక్ట్ అంటే మన కలెక్టర్ లాంటి అధికారి.

సెవేన్‌లో గోధుమ పండదు, చెస్ట్‌నట్టే తిండి. ఆ చెట్టును రొట్టెచెట్టు అనేవారు. కాయలు ఎండబెట్టడానికి క్లేద్ అనే రెండంతస్తుల రాతి గది ఉండేది. పైన సందులున్న చెక్క అటక మీద కాయలు, కింద మంట లేవకుండా వారాల తరబడి రాజుకునే నిప్పు. ఎండిన పప్పుతో చలికాలమంతా బజానా అనే సూప్ కాచుకునేవారు. చేతిలో డబ్బు ఆడేది పట్టుపురుగుల వల్ల. 1850ల్లో పెబ్రీన్ తెగులు వచ్చి పురుగుల్ని తుడిచిపెట్టింది. తర్వాత వేరు కుళ్లు చెస్ట్‌నట్ తోటల్నీ తినేసింది. కొండ కింద అలేస్ దగ్గరి బొగ్గు గనులు కూలీల్ని లాక్కున్నాయి. నదులతో పాటే మనుషులూ దిగిపోయారు. 1851లో లక్షా 44 వేలున్న జనాభా 1990 నాటికి 73 వేల లోపుకు పడిపోయింది. తర్వాత కాస్త తేరుకుంది గానీ, రెండో ఎంపీ సీటు నిలబెట్టుకునేంత కాదు.

2015లో జిల్లా పరిషత్ నియోజకవర్గాలు కూడా 25 నుంచి 13కు తగ్గాయి. ఒక్కో దాన్నుంచి ఒక మహిళ, ఒక పురుషుడు ఎన్నికవుతారు. పార్లమెంటులో మాత్రం అందరికీ కలిపి ఒకే సీటు. ఎప్పటినుంచో ఉత్తరం మితవాదుల వైపు, సెవేన్ వామపక్షం వైపు మొగ్గుతూ వస్తున్నాయి. ఆ ఓట్లన్నీ ఇప్పుడు ఒకే చోట లెక్కకు వస్తాయి. 2012లో ఆ ఒక్క సీటు గెలిచింది మితవాద అభ్యర్థి. 2024లో సోషలిస్టు సోఫీ పాంతెల్ గెలిచారు. అంతవరకు ఆమె జిల్లా పరిషత్ అధ్యక్షురాలు.